పాత మాజ్దా ఆర్‌ఎక్స్‌-8: కొనేముందు పరీక్షల నుంచి కొన్నాక సంరక్షణ వరకు, అమెరికాలోని తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

తక్కువ ధరకు దొరుకుతున్న పాత ఆర్‌ఎక్స్‌-8 కొనవచ్చా, కొంటే ఏమేం చూసుకోవాలి అని అమెరికాలో ఉంటున్న పాఠకులు పదే పదే అడుగుతున్నారు. కొనవచ్చు. అయితే ఈ కారు విషయంలో రంగు మెరుపు, ఓడోమీటర్ మీది అంకె, అమ్మేవారి హామీ అన్నీ ఇంజిన్ కంప్రెషన్ (గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని ఇంజిన్ ఎంత గట్టిగా నొక్కగలదన్న కొలత) తరువాతే లెక్కలోకి వస్తాయి. ఇందులో ఉన్నది పిస్టన్లకు బదులు మూడు ముఖాల రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్. దానికి సరైన పద్ధతిలో చేసిన కంప్రెషన్ పరీక్ష కాగితం చేతికి రాకముందు బయానా కూడా ఇవ్వకూడదు. ఈ మార్గదర్శిలోని క్రమమంతా ఆ పరీక్ష చుట్టూనే అల్లాను. ఖర్చులేని తనిఖీలు ముందు, ఖర్చయ్యే పరీక్ష చివర వచ్చేలా అమర్చాను కాబట్టి, పనికిరాని కారు మీద డబ్బు, సమయం రెండూ వృథా కావు.

1. ముందుగా డబ్బు లెక్క

ఈ కారు కొనుగోలు ధర చూసి మోసపోకూడదు. ఇంజిన్ పోతే దాన్ని విప్పి కొత్త సీళ్లతో (రోటర్ అంచుల దగ్గర కంప్రెషన్ జారిపోకుండా ఆపే పట్టీలతో) తిరిగి కట్టించడానికి వేల డాలర్లు అవుతుంది, చాలా సందర్భాల్లో ఆ ఖర్చు కారు ధరను మించిపోతుంది. అందుకే కొనుగోలు ధరతో సమానమైన మొత్తాన్ని విడిగా పక్కన పెట్టుకోగలిగినవారే దీని జోలికి వెళ్లాలని నా అభిప్రాయం. ఆ స్తోమత లేనప్పుడు, రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్లడానికి ఇంకో కారు లేనప్పుడు, దీన్ని కొంతకాలం వాయిదా వేయడం మంచిది.

పెట్రోల్ ఖర్చు కూడా తక్కువేమీ కాదు. అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం 2004 మాన్యువల్ కారు నగరంలో గ్యాలన్‌కు 16 మైళ్లు, హైవే మీద 22 మైళ్లు ఇస్తుంది. పైగా ప్రీమియం పెట్రోలే వాడాలని కంపెనీ సూచన. ఇంజిన్ ఆయిల్‌ను కూడా ఇది తన నిర్మాణం ప్రకారమే కొంచెం కొంచెంగా కాలుస్తుంది, కాబట్టి ఆయిల్ కొనడం నెలసరి ఖర్చుల్లో ఒకటవుతుంది.

కారు చూడటానికి వెళ్లకముందే దాని విన్ నంబరుతో (కారు గుర్తింపు సంఖ్యతో) ఇన్సూరెన్స్ ధర కనుక్కోండి. కొత్తగా లైసెన్సు తీసుకున్న విద్యార్థులకు, పాతికేళ్లలోపు వారికి ప్రీమియం ఎక్కువగా ఉంటుంది. కొనుగోలు ఆలోచన అక్కడితోనే ఆగిపోయే అవకాశమూ ఉంది.

ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లవచ్చా అని కూడా కొందరు అడుగుతున్నారు. వీలుపడదు. ఇండియాలోకి దిగుమతి చేసే పాత కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికాలో అమ్మిన ఆర్‌ఎక్స్‌-8కి ఈ రెండు షరతుల్లో ఒక్కటీ కుదరదు.

2. ఏ సంవత్సరం, ఏ గేర్‌బాక్సు

అమెరికాలో ఈ కారు 2004 నుంచి 2011 మోడల్ సంవత్సరాల వరకు అమ్ముడైంది. 2004–2008 కార్లను మొదటి సిరీస్ అని, 2009–2011 కార్లను రెండవ సిరీస్ అని అంటారు. ఇంజిన్ అన్నిటిలోనూ 13బీ-ఎంఎస్‌పీ రెనెసిస్ అనే రెండు రోటర్ల యంత్రమే. దాని పరిమాణం 1.3 లీటర్లు.

రెండవ సిరీస్‌లో రోటర్ గదిలోకి ఆయిల్ చిమ్మే ఏర్పాటును మెరుగుపరిచారు. ఒక్కో రోటర్‌కు మధ్యలో అదనంగా ఇంకో నాజిల్ పెట్టి, ఆయిల్ పంపులను విద్యుత్తుతో నడిచేలా చేశారు. సీళ్లకు చమురు సరిగా అందడానికి ఇది నిజంగా ఉపయోగపడే మార్పు. ధర కుదిరితే రెండవ సిరీస్ కారునే ఎంచుకోండి. కంప్రెషన్ బాగున్న మొదటి సిరీస్ కారు, కంప్రెషన్ తగ్గిన రెండవ సిరీస్ కారు ఎదురెదురుగా ఉంటే మాత్రం మొదటిదే తీసుకోవాలి.

గేర్‌బాక్సు విషయంలో నా ఎంపిక ఆరు గేర్ల మాన్యువల్. దాని ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం వరకు తిరుగుతుంది, శక్తి 230 హార్స్‌పవర్ పైచిలుకు. ఆటోమేటిక్ కారులో ఇంజిన్ 7,500 దగ్గరే ఆగుతుంది. 2004, 2005 ఆటోమేటిక్ కార్లకు నాలుగు గేర్లు, 197 హార్స్‌పవర్ మాత్రమే ఉండగా, 2006 నుంచి ఆరు గేర్లు, 212 హార్స్‌పవర్ వచ్చాయి. ఆటోమేటిక్ కారు నెమ్మదిగా నడిచి ఉంటుంది కాబట్టి ఇంజిన్ బాగుంటుందని అనుకోవడం పొరపాటు. ఎప్పుడూ తక్కువ ఆర్‌పీఎంలో నడిచిన రోటరీలో మసి పేరుకుని సీళ్లు బిగుసుకుపోతాయి.

3. ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని: విన్, టైటిల్, రీకాల్

ఫొటోలు చూసి ముచ్చటపడకముందే విన్ నంబరు అడగండి. ఇవ్వడానికి వెనకాడే అమ్మకందారుతో సంభాషణ అక్కడితో ముగించడం మేలు.

- కార్‌ఫ్యాక్స్ వంటి చరిత్ర నివేదిక తీసి, ప్రమాదాలు, టైటిల్ (యాజమాన్య పత్రం) రకం, కారు తిరిగిన రాష్ట్రాలు చూడాలి. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్లపై చల్లే ఉప్పు వల్ల వెనుక చక్రాల పై అంచులు, తలుపుల కింది సిల్స్, ఆయిల్ కూలర్ పైపులు తుప్పుపడతాయి.
- బీమా నేరాలపై పనిచేసే ఎన్‌ఐసీబీ సంస్థ విన్‌చెక్‌లో దొంగతనం, సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నదని బీమా కంపెనీ తేల్చిన కారు) వివరాలు ఉచితంగా చూడవచ్చు.
- ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ రీకాల్ (లోపమున్న కార్లను సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) పేజీలో విన్ వేసి చూడాలి. ఈ కారు టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్‌లో ఉంది. ఆ మరమ్మతు డీలరు ఉచితంగా చేయాలి. అది పూర్తి కాని కారులో ఎయిర్‌బ్యాగు పేలినప్పుడు లోహపు ముక్కలు ఎగిరి ప్రాణం తీయవచ్చు కాబట్టి, దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.
- కారు మీద అప్పు మిగిలి ఉందా, టైటిల్ అమ్మేవారి పేరునే ఉందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి.
- మాజ్దా డీలరు సర్వీసు విభాగంలో విన్ చెప్పి, వారంటీలో చేసిన పనుల జాబితా అడగాలి.

చివరి అంశం ముఖ్యమైనది. 2004–2008 కార్ల ఇంజిన్‌కు మాజ్దా వారంటీని 8 సంవత్సరాలు లేదా 100,000 మైళ్లకు పెంచింది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది గానీ, దాని కింద ఇంజిన్ మార్చిన కార్లు చాలానే ఉన్నాయి. ఇంజిన్ మార్చారని చెప్పినంత మాత్రాన సరిపోదు. ఏ సంవత్సరంలో, ఎన్ని మైళ్ల దగ్గర మార్చారో, అప్పటి నుంచి ఎన్ని మైళ్లు తిరిగిందో బిల్లు మీద ఉండాలి.

ఓడోమీటర్ గురించి ఒక చట్టపరమైన మెలిక తెలుసుకోండి. ఫెడరల్ నిబంధనల ప్రకారం 2010, అంతకు ముందరి మోడళ్లు చేతులు మారేటప్పుడు మైళ్ల సంఖ్యను ధ్రువీకరించాల్సిన అవసరం ఇప్పుడు లేదు. 2011 మోడల్‌కు మాత్రం ఇరవై ఏళ్ల వరకు ఉంది. కాబట్టి టైటిల్‌లో మైళ్ల గడి ఖాళీగానో, మినహాయింపు అనో ఉంటే పాత సర్వీసు బిల్లుల మీది అంకెలతోనే సరిచూసుకోవాలి.

4. ఫోనులో అడగాల్సిన ప్రశ్నలు

మీరు వెళ్లేసరికి కారు రాత్రంతా ఆపి చల్లగా ఉండాలని ముందే కోరండి. ఇగ్నిషన్ కాయిల్స్ (ప్లగ్‌లకు కరెంటు అందించే భాగాలు), స్పార్క్ ప్లగ్‌లు చివరిసారి ఎప్పుడు మార్చారు, ఎన్ని మైళ్లకు ఎంత ఆయిల్ పోస్తున్నారు, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) కంపెనీదేనా, స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) మార్చారా అని అడగండి. ‘ఈ కారు ఆయిల్ అసలు తాగదు’ అనే జవాబు మంచి వార్తలా వినిపిస్తుంది గానీ, అది ప్రమాద సూచన. అలా అన్న వ్యక్తికి ఈ ఇంజిన్ గురించి తెలియకపోయి ఉండాలి, లేదా సీళ్లకు చమురు అందించే పంపు పని మానేసి ఉండాలి.

స్టార్టర్ ప్రశ్న వెనుక కారణం వేరు. కంప్రెషన్ తగ్గిన ఇంజిన్‌ను కూడా వేగంగా తిప్పే కొత్త స్టార్టర్ కొంతకాలం నెట్టుకొస్తుంది. ఆ మార్పు తప్పు కాదు, మంచిదే. అయితే అది జరిగిన కారులో ‘వెంటనే స్టార్టయింది’ అన్న సాక్ష్యానికి విలువ తగ్గుతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో, దేశం విడిచి వెళ్తూ అమ్ముతున్న మనవాళ్ల దగ్గర కొనేటప్పుడు ‘తెలిసిన అన్నయ్యే కదా’ అని ఈ ప్రశ్నలు మానేయడం తరచుగా చూస్తున్నాను. అమ్మే వ్యక్తి నిజాయితీపరుడే అయినా, తన ఇంజిన్ కంప్రెషన్ ఎంతో ఆయనకూ తెలియకపోవచ్చు. పరీక్ష అడగడం ఆయన్ని అనుమానించడం కిందికి రాదు.

5. చల్లని ఇంజిన్ దగ్గర తనిఖీ

చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి వెనుదిరగండి.

ఇంజిన్ ఆన్ చేయకముందే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడాలి. ఆపై కూలెంట్ డబ్బా మూత తీసి లోపల చూడాలి, ఇది చల్లని ఇంజిన్ మీద మాత్రమే చేయాలి. కూలెంట్‌లో ఆయిల్ మరకలు, గోధుమరంగు బురద ఉండకూడదు. ఆయిల్ పోసే మూత కింద మీగడ లాంటి తెల్లని జిగురు కనిపిస్తే వెంటనే కంగారుపడనక్కరలేదు. ఈ కారులో ఆ గొట్టం పొడవుగా పైకి ఉంటుంది కాబట్టి, చలికాలంలో దగ్గరి ప్రయాణాలు చేసిన కారులో తేమ చేరి అలా అవుతుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా అలాగే ఉంటే మాత్రం అది కూలెంట్ సీలు పోయిన గుర్తు.

ఇప్పుడు స్టార్ట్ చేయించి, మీరు వెనుక నిలబడి పొగ చూడండి. తొలి క్షణాల్లో కొద్దిగా పొగ రావడం మామూలే. నిమిషాలు గడిచినా తీపి వాసనతో తెల్లని పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ మండుతోందని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నా అదే అనుమానం. దాన్ని నిర్ధారించడానికి మెకానిక్ దగ్గర నీలిరంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది. పొగ వాయువు తగిలితే ఆ ద్రవం పసుపుగా మారుతుంది.

క్లచ్ పెడల్‌ను చేత్తో పట్టుకుని పక్కకు కదిలించి చూడండి. దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ పగలడం ఈ కార్లలో పేరున్న లోపం. కిర్రుమనే శబ్దం, పక్కకు ఊగడం రెండూ దాని ముందస్తు గుర్తులు.

6. నడిపి చూడటం, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయడం

బయల్దేరే ముందు ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ సమాచారం చదివే పరికరం) తగిలించుకోండి. డాష్‌బోర్డులోని ఉష్ణోగ్రత ముల్లును నమ్మకూడదు, ఎందుకంటే అది చాలా పెద్ద పరిధిలో మధ్యలోనే నిలిచి ఉంటుంది, ముల్లు పైకి కదిలేసరికే ఇంజిన్‌కు నష్టం జరిగి ఉండవచ్చు. స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత మామూలు డ్రైవింగ్‌లో 180–200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి. రెడీనెస్ మానిటర్లు (కారు కంప్యూటర్ తానే చేసుకునే ఎమిషన్ తనిఖీల ఫలితాలు) ‘పూర్తికాలేదు’ అని చూపిస్తే, లోపాల కోడ్‌లను ఇటీవలే చెరిపేశారని గానీ బ్యాటరీ తీశారని గానీ అర్థం.

మొదటి పది నిమిషాలు నెమ్మదిగా నడపాలి. వేడెక్కాక, ఖాళీగా ఉన్న రోడ్డుపై వేగపరిమితి దాటకుండా రెండో గేరులో 4,000 నుంచి 8,000 ఆర్‌పీఎం దాటేదాకా (ఆటోమేటిక్ కారైతే 7,500 దగ్గరికి వచ్చేదాకా) ఒక్కసారి పూర్తిగా తొక్కాలి. శక్తి పైకి వెళ్లేకొద్దీ పెరగాలి. 6,000 దాటాక గొంతు పట్టేసినట్లు ఆగిపోతే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, ఇన్‌టేక్ వాల్వు మసితో ఇరుక్కుని ఉండవచ్చు, కాయిల్స్ బలహీనపడి ఉండవచ్చు. గేర్లు మారుస్తూ రెండు, మూడు గేర్లలోకి వెళ్లేటప్పుడు రాపిడి శబ్దం వస్తుందేమో గమనించాలి. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కితే విద్యుత్ పవర్ స్టీరింగ్ కనెక్టర్లలో లోపం.

ఇప్పుడు అసలు తనిఖీ. కనీసం ఇరవై నిమిషాలు నడిపాక ఇంజిన్ ఆపండి. పది నిమిషాలు ఆగండి, ఈలోగా అమ్మేవారితో సర్వీసు కాగితాలు చూడవచ్చు. ఆ తరువాత యాక్సిలరేటర్ తొక్కకుండా తాళం తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న రోటరీ ఒకటి రెండు సెకన్లలో అందుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు చటుక్కున స్టార్టయిన కారు వేడి మీద నాలుగైదు సెకన్లు తిరిగితేగాని అందుకోకపోతే, కంప్రెషన్ తగ్గిందని నూటికి తొంభై పాళ్లు అనుకోవచ్చు. వేడికి ఆయిల్ పలచబడి సీళ్ల దగ్గర అడ్డుకట్ట వదులవుతుంది కాబట్టి లోపం అప్పుడే బయటపడుతుంది.

7. కంప్రెషన్ పరీక్ష

ఇక్కడిదాకా నెగ్గుకొచ్చిన కారుకే ఈ ఖర్చు పెట్టాలి. మామూలు పిస్టన్ ఇంజిన్ల గేజ్‌తో చేసిన పరీక్షను ఒప్పుకోకండి. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలుంటాయి, మూడింటికీ విడి కంప్రెషన్ ఉంటుంది. మామూలు గేజ్ వాటిలో ఎక్కువదాన్ని మాత్రమే పట్టి చూపిస్తుంది. మూడింట్లో ఒక సీలు పూర్తిగా పోయినా ఆ గేజ్ మీద అంకె చక్కగానే కనిపిస్తుంది. రోటరీ టెస్టర్ రెండు రోటర్లకు కలిపి ఆరు అంకెలు ఇవ్వాలి, వాటి పక్కనే ఇంజిన్‌ను స్టార్టర్ ఎంత వేగంతో తిప్పిందో కూడా రాయాలి.

పరీక్ష జరగాల్సిన పరిస్థితులు ఇవి:

- ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఉండాలి.
- బ్యాటరీ నిండుగా చార్జై ఉండాలి.
- పెట్రోల్, ఇగ్నిషన్ రెండూ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి.
- ఆరు అంకెలు, స్టార్టర్ వేగం, తేదీ, విన్, మైళ్లు ఉన్న ముద్రిత కాగితం ఇవ్వాలి.

వచ్చిన అంకెలను 250 ఆర్‌పీఎం ప్రమాణానికి సరిచేసి చదవాలి. స్టార్టర్ 290 వేగంతో తిప్పితే అంకె పెద్దగా, 210తో తిప్పితే చిన్నగా వస్తుంది. అందుకే వేగం రాయని కాగితానికి విలువ లేదు. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో గాలి పలచగా ఉండి అంకెలు తగ్గుతాయని కూడా గుర్తుంచుకోండి.

250 ఆర్‌పీఎం దగ్గర మాజ్దా ప్రమాణాలు: కొత్త ఇంజిన్‌కు చదరపు సెంటీమీటరుకు 8.5 కిలోలు, కనీస హద్దు 6.9 కిలోలు, ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5 దాటకూడదు, రెండు రోటర్ల మధ్య తేడా 1.0 దాటకూడదు. పీఎస్‌ఐలో ఇచ్చే చోట కనీస హద్దు సుమారు 98 అవుతుంది.

అంకెలు చదివే పద్ధతికి ఒక ఉదాహరణ చూడండి. ముందు రోటర్ 7.8, 7.6, 7.9 అనీ, వెనుక రోటర్ 7.2, 5.9, 7.1 అనీ వచ్చాయనుకుందాం. వెనుక రోటర్‌లో తేడా 1.3 మాత్రమే, హద్దులోనే ఉంది. కానీ ఒక ముఖం 5.9కి పడిపోయింది కాబట్టి ఈ ఇంజిన్ తప్పినట్లే. ఇంకో కారులో ముందు రోటర్ అంకెలన్నీ 8.2, వెనుకవన్నీ 7.0 అనుకుంటే, ఆరింటికి ఆరూ కనీస హద్దు పైనే ఉన్నా, రోటర్ల మధ్య తేడా 1.2 ఉన్నందున అదీ తప్పినట్లే. ఆరూ 7.5కు పైన, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. 7.0 దగ్గర తచ్చాడే ఇంజిన్‌ను, కొద్దికాలంలో మళ్లీ కట్టించాల్సిందే అన్న లెక్కతో ధర కట్టి కొనాలి, లేదా వదిలేయాలి.

అమ్మేవారు పరీక్షకు ఒప్పుకోకపోతే, ఖర్చు మీరే పెట్టుకుంటామని చెప్పి చూడండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఆ ఇంజిన్ పోయిందన్న లెక్కతోనే ధర చెప్పాలి.

8. బేరం, కాగితాలు

బేరంలో కాయిల్స్, ప్లగ్‌లు, టైర్లు వంటి వాటిని ఒక్కొక్కటిగా రాసి, ధరలో తగ్గించమని మర్యాదగా అడగండి. చెల్లింపు అమ్మేవారి బ్యాంకు శాఖలోనే క్యాషియర్స్ చెక్కుతో జరిగితే ఇద్దరికీ భద్రం. టైటిల్ మీద సంతకం కళ్లెదుట జరగాలి, అప్పు ఉంటే బ్యాంకు విడుదల పత్రం అదే రోజు చేతికి రావాలి.

కాలిఫోర్నియాలో 90 రోజుల లోపు తీసిన స్మాగ్ (పొగ పరీక్ష) సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవారిది, పేరు మార్పిడికి కొన్నవారికి ఉన్న గడువు 10 రోజులు. టెక్సాస్‌లో 130-యూ ఫారంతో 30 రోజుల లోపు చేయించుకోవాలి. అక్కడ 2025 నుంచి మామూలు కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు గానీ, డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష ఇంకా ఉంది. కన్వర్టర్ తీసేసిన కారు అక్కడ నెగ్గదు. తీసేయడం ఫెడరల్ చట్టానికి కూడా విరుద్ధం.

9. ఇంటికి తెచ్చిన మొదటి వారం

పాత యజమాని ఏం మార్చాడో తేల్చుకోలేనప్పుడు అన్నీ మార్చేయడమే మంచిది. క్రమం ఇలా ఉండాలి.

- నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్, వైర్లు, నాలుగు స్పార్క్ ప్లగ్‌లు
- ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు
- కూలెంట్ మొత్తం, పగుళ్లుంటే కూలెంట్ డబ్బా కూడా
- గేర్‌బాక్సు, వెనుక డిఫరెన్షియల్ ఆయిల్
- గాలి ఫిల్టరు, బ్యాటరీ పరీక్ష

కాయిల్స్‌ను మొదట పెట్టడానికి కారణముంది. ఈ ఇంజిన్లు పోయే వరుస చాలావరకు ఇలా ఉంటుంది: కాయిల్ బలహీనపడుతుంది, మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, కన్వర్టర్ కరిగి మూసుకుపోతుంది, బయటికి పోలేని వేడి ఇంజిన్‌లోనే నిలిచి సీళ్లను తినేస్తుంది. అంటే చవకైన భాగం నిర్లక్ష్యంతో మొత్తం ఇంజిన్ పోతుంది. కాయిల్స్, ప్లగ్‌లు 30,000 మైళ్లకోసారి మార్చడం అలవాటు చేసుకోండి. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే అది మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగా మండకపోవడం). ఆ స్థితిలో ఇల్లు చేరదామని నడపవద్దు.

ప్లగ్‌లు రెండు రకాలు. కింది వరుసలో లీడింగ్‌కు ఎన్‌జీకే ఆర్‌ఈ7సీ-ఎల్, పై వరుసలో ట్రెయిలింగ్‌కు ఆర్‌ఈ9బీ-టీ. వాటిని తారుమారు చేయకూడదు. ఇంజిన్ చల్లబడ్డాకే విప్పాలి.

10. రోజువారీ అలవాట్లు

- రెండుసార్లు పెట్రోల్ పోయించేలోపు ఒకసారైనా ఆయిల్ మట్టం చూడాలి. బండి సమతలంగా నిలిపి, ఇంజిన్ ఆపిన ఐదు నిమిషాలకు చూడాలి. సుమారు వెయ్యి మైళ్లకు ఒక క్వార్ట్ పోయాల్సి రావడం మామూలు.
- గీత దాటి ఆయిల్ పోయకూడదు. ఎక్కువైన ఆయిల్ ఇన్‌టేక్‌లోకి చేరుతుంది.
- ఆయిల్ ప్రతి 3,000 మైళ్లకు మార్చాలి. అమెరికాలో మాజ్దా సూచన 5డబ్ల్యూ-20 అయినా, వేడి రాష్ట్రాల్లో 5డబ్ల్యూ-30 వాడే యజమానులు చాలామంది. ఏ రకమన్న వాదన కంటే సమయానికి మార్చడం ముఖ్యమని నా అనుభవం చెబుతోంది.
- ఇంజిన్ వేడెక్కేవరకు 4,000 ఆర్‌పీఎం దాటకూడదు. పూర్తిగా వేడెక్కాక మాత్రం ప్రతి డ్రైవ్‌లో ఒకసారైనా పైదాకా తిప్పాలి, మసి వదిలేది అప్పుడే.
- పెట్రోల్ ట్యాంకులో గ్యాలన్‌కు అర ఔన్సు చొప్పున బూడిద మిగల్చని టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం యజమానుల్లో విస్తృతంగా ఉన్న అలవాటు. మొదటి సిరీస్ కార్లకు దీన్ని నేను గట్టిగా సూచిస్తాను.
- కూలెంట్ తక్కువ అనే లైటు వెలిగితే ముందు డబ్బా చూడాలి. సెన్సర్ చెడిపోవడం సాధారణమే, కానీ చూడకుండా అలా అనుకోవడం ప్రమాదం.

11. ఇంజిన్‌లో పెట్రోల్ నిండిపోతే

గ్యారేజీ నుంచి బయటికి తీసి, కడగడానికని వెంటనే ఆపేస్తే ఈ ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. చల్లని ఇంజిన్‌కు అందిన అదనపు పెట్రోల్ ప్లగ్‌లను తడిపేస్తుంది. స్టార్ట్ చేసిన కారును వేడెక్కేవరకు ఆపకూడదు. అది జరిగిపోతే ఇలా చేయండి.

1. యాక్సిలరేటర్‌ను నేలకు తాకేలా తొక్కిపట్టి తాళం తిప్పండి. అలా తొక్కితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది.
2. ఒకసారికి పది సెకన్లకు మించి తిప్పకండి. మధ్యలో నిమిషం ఆగి స్టార్టర్‌ను చల్లబడనివ్వండి.
3. ఇంజిన్ అందుకునే సూచన కనిపించగానే పెడల్ మెల్లగా వదలండి. పొగ బాగా వస్తుంది, కంగారుపడకండి.
4. నాలుగైదు ప్రయత్నాలకూ అందుకోకపోతే ఆపి, బ్యాటరీ చార్జి చేయండి. ప్లగ్‌లు తీసి ఆరబెట్టండి. ఇంధన పంపు ఫ్యూజు తీసి, ప్లగ్‌లు లేకుండానే కాసేపు తిప్పితే లోపలి పెట్రోల్ బయటికి పోతుంది.
5. లీడింగ్ ప్లగ్ రంధ్రం గుండా చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, ప్లగ్‌లు, ఫ్యూజు తిరిగి పెట్టి ప్రయత్నించండి.

తరచుగా ఇలా జరుగుతుంటే పెట్రోల్‌ను నిందించకుండా కాయిల్స్, బ్యాటరీ, ఆ తరువాత కంప్రెషన్ చూడాలి.

బ్యాటరీ తీసి పెట్టిన తరువాత 2004–2008 కార్లలో చిన్న పని మిగులుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళాన్ని ఆన్ వరకు తిప్పి, ఎనిమిది సెకన్ల లోపల బ్రేక్ పెడల్‌ను ఇరవైసార్లు తొక్కాలి. ఆయిల్ ప్రెషర్ ముల్లు ఒక్కసారి కదిలితే కంప్యూటర్ పాత లెక్క చెరిపేసి, ఇంజిన్ తిరుగుడును కొత్తగా నేర్చుకోవడానికి సిద్ధమైనట్లు. రెడీనెస్ మానిటర్లు నిండటానికి కొన్ని రోజుల డ్రైవింగ్ పడుతుంది కాబట్టి ఎమిషన్ పరీక్షకు ముందువారం బ్యాటరీ జోలికి వెళ్లకండి.

12. ఏడాదికోసారి కంప్రెషన్, తగ్గుతున్నప్పుడు నిర్ణయం

కొన్న రోజు కాగితాన్ని దాచుకుని, ఏటా అదే దుకాణంలో, అదే పరికరంతో మళ్లీ పరీక్ష చేయించండి. ఆరు అంకెలూ సమానంగా కొద్దికొద్దిగా తగ్గుతుంటే అది మామూలు అరుగుదల. ఒక్క ముఖం మాత్రమే ఏడాదిలో గబగబా పడిపోతే సీలు దెబ్బతింది. ఇంజిన్ శబ్దం మారేదాకా ఆగకుండా వెంటనే రోటరీ నిపుణుడికి చూపించాలి, ఎందుకంటే విరిగిన సీలు ముక్క రోటర్ గది గోడను గీసేస్తే తిరిగి వాడుకోదగ్గ భాగాలు తగ్గి ఖర్చు పెరుగుతుంది.

ఇంజిన్‌ను విప్పి తిరిగి కట్టాల్సి వస్తే, ఆ పని చేసే వ్యక్తిని ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు రాతలో తీసుకోండి: ఏ భాగాలు కొత్తవి వేస్తారు, పని పూర్తయ్యాక కంప్రెషన్ అంకెలు ఇస్తారా, వారంటీ ఎన్ని మైళ్లు. పిస్టన్ ఇంజిన్లు మాత్రమే చేసే మంచి మెకానిక్ కంటే, రోజూ రోటరీలే విప్పే దుకాణం నాలుగు వందల మైళ్ల దూరంలో ఉన్నా దానికే పంపండి. కట్టిన ఇంజిన్‌తో పాటు కాయిల్స్, ప్లగ్‌లు, మోటారు మౌంట్లు, రేడియేటర్ గొట్టాలు కొత్తవి వేయించండి. కన్వర్టర్‌ను విప్పి వెలుతురుకు పట్టి, లోపలి గూళ్లు కరగలేదని చూశాకే తిరిగి బిగించమని చెప్పండి.